జాన్ బిడ్వెల్ రైతా, రాజకీయ నాయకుడా: మీ ప్రశ్నకు నా సమాధానం

కాలిఫోర్నియా బాదం గురించి చదువుతుంటే జాన్ బిడ్వెల్ పేరు తగిలిందని రాశారు. వేల ఎకరాల తోటల ఆసామి 1892లో మద్యనిషేధ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి ఎందుకు నిలబడ్డాడు, గెలవనని తెలిసీ అంత వయసులో ఆ పని ఎందుకు చేశాడు, అసలు ఆయన మంచివాడేనా అని అడిగారు. నేను పద్నాలుగేళ్లుగా కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయలో బాదం, వాల్‌నట్ తోటలకు నీళ్లు పెట్టించే పనిలో ఉన్నాను. ఆయన కట్టిన చికో ఊరికి నెలకు రెండుసార్లు వెళ్లి వస్తుంటాను. తెలిసినంత వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. రాజకీయాల వైపు నుంచి మొదలుపెడితే బిడ్వెల్ అర్థం కాడు. ఓడిన ఎన్నికలే ఎక్కువ కాబట్టి మొండివాడిలా కనిపిస్తాడు. నేల వైపు నుంచి చూడాలి. భూమి ఎలా పోగొట్టుకున్నాడు, ఎలా సంపాదించాడు, ఆ భూమి అంతకుముందు ఎవరిది, అందులో ఎవరు చెమటోడ్చారు అన్నది తెలిస్తే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

ఆయన 1819 ఆగస్టు 5న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా కౌంటీలో పుట్టాడు. కుటుంబం పెన్సిల్వేనియాకు, అక్కణ్ణుంచి ఒహాయోకు మారింది. చదువు మీద పట్టుదల ఎక్కువ. ఇరవై ఏళ్లు నిండకుండానే బడిలో పాఠాలు చెప్పాడు. 1839లో పడమటికి బయల్దేరి మిస్సోరీ సరిహద్దున ప్లాట్ ప్రాంతంలో పంతులుగా కుదురుకుని, కొంత నేల చూసుకుని బాగు చేసుకున్నాడు. సామాను కొనడానికి సెయింట్ లూయిస్ వెళ్లి వచ్చేసరికి ఇంకొకడు ఆ నేలలో దిగి కూర్చున్నాడు. బిడ్వెల్‌కు అప్పటికి 21 ఏళ్లు నిండలేదు, పెళ్లి కాలేదు, కాబట్టి చట్టప్రకారం ఆ నేల తనదని చెప్పుకునే వీల్లేదు. చేసేది లేక వదులుకున్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ రోజుల్లో రోబిడూ అనే ఫ్రెంచి వర్తకుడు మిస్సోరీ ఊళ్లలో కాలిఫోర్నియా గురించి కథలు చెబుతుండేవాడు. అక్కడ ఎప్పుడూ వసంతమే, నారింజలు కాస్తాయి, నేల సారానికి హద్దు లేదు అనేవాడు. మిస్సోరీలో చలిజ్వరం లేని ఇల్లు ఉండేది కాదు. అక్కడా చలిజ్వరం ఉందా అని ఎవరో అడిగితే, ఒక్కడికి వచ్చింది, వాడు వణుకుతుంటే చూడటానికి మాంటెరే జనం పద్దెనిమిది మైళ్లు నడిచి వెళ్లారు అన్నాడట. ఇలాంటి మాటలకు 500 మంది దాకా వస్తామని సంతకాలు చేశారు. 1841 మేలో సాప్లింగ్ గ్రోవ్ అనే చోట కలుసుకోవాలని ఒప్పందం. తీరా ఆ సంతకాలు చేసినవాళ్లలో వచ్చింది బిడ్వెల్ ఒక్కడే. కొత్తవాళ్లు మరికొందరు వచ్చి చేరబట్టి బృందం ఏర్పడింది. జాన్ బార్టిల్‌సన్ నాయకుడు. దారి ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా కాలిఫోర్నియా పడమట ఉందని మాత్రమే.

వాళ్ల అదృష్టం కొద్దీ డీ స్మెట్ అనే జెసూట్ ఫాదర్ (క్రైస్తవ మతగురువు) బృందం అదే దారిన వెళుతోంది. వాళ్లకు టామ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అనుభవజ్ఞుడైన దారి చూపేవాడు ఉన్నాడు. ఇప్పటి ఐడహోలోని సోడా స్ప్రింగ్స్ దాకా ఆ తోడు దొరికింది. అక్కడ సగం మంది ఆరెగాన్‌కు తిరిగిపోయారు. మిగిలినవాళ్లు 32 మంది మగవాళ్లు, నాన్సీ కెల్సీ అనే పద్దెనిమిదేళ్ల తల్లి, ఆమె చంటిబిడ్డ. నెవాడా ఎడారి అంచున బండ్లు వదిలేయాల్సి వచ్చింది. ఎద్దుల మీదే సామాను కట్టారు, ఆకలేసినప్పుడు ఆ ఎద్దులనే ఒక్కొక్కటిగా కోసుకు తిన్నారు. ఎద్దులైపోయాక కంచరగాడిదలు. సియెర్రా కొండలు దాటేటప్పుడు బిడ్వెల్ ఒకసారి ఒంటరిగా వేటకెళ్లి దారితప్పి, కూలిపోయిన ఒక మహావృక్షం పక్కన రాత్రి గడిపాడు. తాను చూసినవి కలవెరాస్ సెక్వోయాలేనని (సెక్వోయా అంటే మహా లావుగా పెరిగే చెట్టు) తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. నవంబర్ 4న డయాబ్లో కొండ దగ్గర డాక్టర్ మార్ష్ రాంచికి, అంటే ఆయన పశువుల పొలానికి, చేరారు. సోడా స్ప్రింగ్స్ నుంచి ఇటు వచ్చినవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. మిస్సోరీ నుంచి నేలదారిన కాలిఫోర్నియాలో స్థిరపడటానికి వచ్చిన మొదటి వలస బృందం ఇదే.

తర్వాతి ఏడేళ్లు తొందరగా చెప్పేస్తాను. శాక్రమెంటో లోయలో కోట కట్టుకున్న పెద్ద ఆసామి జాన్ సట్టర్ దగ్గర పనిలో చేరాడు. సట్టర్ అప్పుడే రష్యన్ల నుంచి ఫోర్ట్ రాస్ అనే వాళ్ల కోట కొన్నాడు, దాన్ని విప్పి సామాను చేరవేసే బాధ్యత బిడ్వెల్‌కు అప్పగించాడు. 1843లో గుర్రాల జాడ వెతుక్కుంటూ పీటర్ లాసెన్‌తో కలిసి లోయ ఉత్తరానికి వెళ్లినప్పుడు చికో వాగు గట్టు మొదటిసారి చూశాడు. లోయకు పటం గీశాడు. 1844లో మెక్సికో పౌరసత్వం తీసుకున్నాడు, ఎందుకంటే అప్పుడు కాలిఫోర్నియా మెక్సికోది. 1846లో అక్కడి అమెరికన్లు మెక్సికో మీద తిరగబడినప్పుడు వాళ్లలో కలిశాడు. సట్టర్‌కూ జేమ్స్ మార్షల్ అనే వడ్రంగికీ మధ్య రంపపు మిల్లు ఒప్పందపత్రం రాసింది కూడా ఈయనే. ఆ మిల్లు కాలవలోనే 1848 జనవరిలో బంగారం బయటపడింది.

ఆ ఏడాది జూలైలో ఫెదర్ నది మీద బిడ్వెల్‌కూ బంగారం దొరికింది. ఆ చోటును బిడ్వెల్స్ బార్ అన్నారు. అక్కడ ఇసుక కడిగింది ఎక్కువగా ఆదివాసులే. వాళ్లకు కూలి సరుకుల రూపంలో ముట్టేది. గనుల జోరు అంతా చూస్తుండగానే ఆయన బంగారం పెట్టి నేల కొన్నాడు. 1849 నుంచి 1851 మధ్య రాంచో అరోయో చికో చేతికొచ్చింది, 22 వేల ఎకరాల పైమాట. రాంచో అంటే మన ఇనాం భూమి లాంటిది అనుకోండి, మెక్సికో గవర్నర్ ఒకరి పేర రాసిచ్చేవాడు. అమెరికా పాలన వచ్చాక 1851 చట్టం కింద అలాంటి హక్కులన్నీ నిరూపించుకోవాలి. చాలామంది పాత ఆసాములు లాయర్ల ఖర్చులకే భూములు పోగొట్టుకున్నారు. బిడ్వెల్ పట్టా 1860లో ఖాయమైంది. అదే ఏడాది చికో ఊరికి హద్దులు గీయించి, ఇల్లు కట్టుకుంటామన్నవాళ్లకు స్థలాలు ఊరికే ఇచ్చాడు.

ఇక తోట గురించి. నా మనసుకు దగ్గరైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

శాక్రమెంటో లోయలో మే నుంచి అక్టోబర్ దాకా దాదాపు వాన ఉండదు. మన దగ్గర వేసవి తర్వాత వర్షాలు వస్తాయి, అక్కడ చలికాలంలోనే వాన. అందువల్ల రెండు సంగతులు తేలతాయి. ఒకటి, వేసవిలో నీళ్లు లేకపోతే పళ్లచెట్టు నిలవదు. రెండు, పండు కోసి ఎండలో పరిస్తే తడుస్తుందన్న భయం లేదు. బిడ్వెల్ ఎంచుకున్న చోటులో ఏడాదంతా పారే చికో వాగు ఉంది. కొండల నుంచి వాగు తెచ్చి పరిచిన ఒండ్రు, వేరు ఎంత లోతుకైనా దిగే నేల. నేను ఇవాళ మట్టి గుంటలు తీయించి చూసి చెప్పే సంగతి ఆయన గుర్రం మీద కూర్చుని గడ్డి ఎత్తు, ఓక్ చెట్ల లావు చూసి పసిగట్టాడు.

మొదట అందరిలాగే పశువులు, గోధుమ. 1853కల్లా వాగు నీటితో తిరిగే పిండిమర పెట్టాడు. ఆయన గోధుమకు 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అయితే గోధుమతో సరిపెట్టుకునే మనిషి కాదు. ఆపిల్, పియర్, పీచ్, ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ, అంజూర, ఆలివ్, బాదం, వాల్‌నట్, ద్రాక్ష, ఒక్కోదాంట్లో పదుల రకాలు. ఎక్కడ కొత్త రకం ఉందని విన్నా మొక్కో విత్తనమో తెప్పించి, నాటి, ఏది ఈ నేలకు పడుతుందో చూసేవాడు. మొత్తం నాలుగు వందలకు పైగా పళ్ల రకాలు ఆ రాంచిలో పరీక్షకు వచ్చాయి. కసాబా అనే ఖర్బూజ రకాన్ని అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చింది కూడా ఆయనే అంటారు.

చెట్టు వేసేవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. బాదం కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు. ఫిబ్రవరిలో పూత, ఆ పూత మీద ఒక్క రాత్రి మంచు పడితే ఆ ఏడు కాపు పోయినట్టే. వాల్‌నట్‌కు ఇంకా ఎక్కువ కాలం. పదేళ్లు పెంచాక ఈ రకం ఇక్కడికి పనికిరాదని తెలిస్తే పీకేసి మళ్లీ మొదలుపెట్టాలి. పక్కవాడికి చూపించుకోవడానికి ఒక తోట చాలు. వందల రకాలు పెట్టి ఏళ్ల తరబడి చూడటం అంటే తన సొంత డబ్బుతో లోయ మొత్తానికి ప్రయోగశాల నడపడమే. 1870లో చికోకు రైలు వచ్చాక ఎండబెట్టిన పళ్లు, తాజా పళ్లు దూరప్రాంతాలకు వెళ్లాయి, ఆయన ప్రయోగాల ఫలితం చుట్టుపక్కల రైతులందరికీ అందింది. మన ఇళ్లలో రాత్రి నానబెట్టుకునే కాలిఫోర్నియా బాదంలో కొంత ఈ ఉత్తర లోయ నుంచే వస్తుంది.

1877లో ఆ తోట చూడటానికి వచ్చినవాళ్లలో ప్రకృతి గురించి రాసిన జాన్ మ్యూర్, హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే, లండన్ క్యూ ఉద్యానవనం అధిపతి జోసెఫ్ హుకర్ ఉన్నారు. హుకర్ మన దేశపు మొక్కలను వర్గీకరించి సంపుటాలుగా రాసిన మనిషి, బోటనీ చదివినవాళ్లకు ఆ పేరు చెప్పనక్కర్లేదు. రాంచిలో ఒక మహా ఓక్ కింద ఆయన నిలబడి మెచ్చుకున్నాడని తర్వాత దానికి హుకర్ ఓక్ అని పేరు పెట్టారు. ఆ చెట్టు 1977 మే 1న కూలిపోయింది.

ఇప్పుడు ద్రాక్ష సంగతి. మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. బిడ్వెల్ వైన్ ద్రాక్ష పెంచి వైన్ తయారుచేసి అమ్మాడు. 1860ల చివర్లో తాగుడు తప్పని నమ్మకం కుదిరాక వైన్ తీగలన్నీ పీకించేశాడు. ఎండుద్రాక్షకూ తినడానికీ పనికొచ్చేవే ఉంచాడు. ద్రాక్షతోట చేతులారా పెంచినవాళ్లను అడగండి, పందిరి ఎక్కి కాపులో ఉన్న తీగను గొడ్డలితో నరికించడం ఎంత కష్టమో. దాని ఆదాయం ఇంకా దశాబ్దాలు వచ్చేది. ఎవరూ ఆయన్ని బలవంతపెట్టలేదు. అలాంటి పని చేసిన మనిషి పాతికేళ్ల తర్వాత అదే మాట మీద దేశాధ్యక్ష పదవికి నిలబడితే నాకు ఆశ్చర్యం అనిపించదు. సొంత పొలంలో చేసి చూపించిందే ఊరికి చెప్పాడు.

ఆయన భార్య ఆనీ ఎల్లికాట్ కెనడీ పాత్ర కూడా చెప్పాలి. అమెరికా జనాభా లెక్కల అధిపతిగా పనిచేసిన జోసెఫ్ కెనడీ కూతురు ఆమె. బిడ్వెల్ కాంగ్రెస్ సభ్యుడిగా వాషింగ్టన్‌లో ఉన్నప్పుడు పరిచయం. 1868 ఏప్రిల్ 16న పెళ్లి, అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్, జనరల్ గ్రాంట్ వచ్చారు. ఆమె దైవభక్తురాలు, మద్యానికి గట్టి వ్యతిరేకి, స్త్రీలకు ఓటు కోసం పనిచేసింది. స్త్రీల ఓటుహక్కు నాయకురాలు సుసాన్ ఆంథొనీ, మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విల్లార్డ్ ఆ ఇంటికి అతిథులుగా వచ్చారు. ఆమె కోసమే తాగుడు మానాడు అని కొందరు తేలిగ్గా రాస్తారు. వైన్ వదిలేయడం పెళ్లికి ముందే జరిగింది కాబట్టి ఆ మాట పూర్తిగా సరికాదని నా అభిప్రాయం. ఇద్దరి నమ్మకం ఒకటే కావడం వల్ల బలపడింది, అంతే.

రాజకీయాలు. కాలిఫోర్నియా మొదటి సెనేట్‌లో 1849–50లో సభ్యుడు. మొదట డెమొక్రాట్, 1860లో ఆ పార్టీ చార్ల్‌స్టన్ మహాసభకు ప్రతినిధి. అంతర్యుద్ధంతో దేశం చీలేసరికి యూనియన్ (ఉత్తరాది) పక్షాన నిలిచాడు, రాష్ట్ర మిలిషియాలో (పౌరసేనలో) బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు, 1864లో లింకన్‌ను మళ్లీ అభ్యర్థిగా ఎన్నుకున్న బాల్టిమోర్ సభలో ప్రతినిధి. 1865 నుంచి 1867 దాకా కాంగ్రెస్‌లో ఉండి వ్యవసాయ కమిటీకి అధ్యక్షత వహించాడు. రెండోసారి పోటీ వద్దన్నాడు. 1867లో గవర్నర్ టికెట్ అడిగితే పార్టీలో ఓడించారు. 1875లో గుత్తాధిపత్యాలను ఎదిరించే ఇండిపెండెంట్ పార్టీ తరఫున గవర్నర్‌కు పోటీ చేసి మూడోస్థానంలో నిలిచాడు. 1890లో మద్యనిషేధ పార్టీ తరఫున మళ్లీ గవర్నర్‌కు, మళ్లీ ఓటమి.

1892 నాటికి వయసు 73. మద్యనిషేధ పార్టీ ఆయన్ని అధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించింది. గ్రోవర్ క్లీవ్‌లాండ్ గెలిచిన ఆ ఎన్నికలో బిడ్వెల్‌కు 2 లక్షల 70 వేలకు పైగా ఓట్లు వచ్చాయి, సుమారు 2.2 శాతం. మద్యనిషేధ పార్టీకి అధ్యక్ష ఎన్నికల్లో వచ్చిన ఓట్లలో అదే అత్యధికం. ఆ పార్టీ అడిగింది సారా బంద్ ఒక్కటే కాదు, స్త్రీలకు ఓటు, రైల్వేల మీద ప్రభుత్వ అదుపు కూడా. గెలవనని ఆయనకు తెలుసు. ఇవాళ నాటిన వాల్‌నట్ రేపు కాయదని తెలిసిన రైతు ఆ పోటీని మనకన్నా వేరుగా చూసి ఉంటాడని నేను నమ్ముతాను. ఆయన పోయిన ఇరవై ఏళ్లకు స్త్రీలకు ఓటుహక్కూ వచ్చింది, మద్యనిషేధమూ వచ్చింది. మద్యనిషేధాన్ని 1933లో ఎత్తేశారు.

ఇక మంచివాడేనా అన్న ప్రశ్న. దీనికి ఆ నేల అసలు ఎవరిదో చెప్పకుండా జవాబు లేదు.

చికో వాగు గట్టున మెచూప్‌డా మైదు తెగవాళ్లు తరతరాలుగా ఉన్నారు. మెక్సికో గవర్నర్ ఇనాం రాసిచ్చినప్పుడు వాళ్లను అడగలేదు, బిడ్వెల్ కొన్నప్పుడూ అడగలేదు. ఆయన వాళ్లను తరిమేయలేదు. వాళ్ల ఊరు తన ఇంటి పక్కనే ఉండనిచ్చాడు, పనిలో పెట్టుకున్నాడు. గోధుమ కోసింది, బాదం రాల్చింది, ద్రాక్ష తెంపింది చాలావరకు వాళ్లే. 1850లో ఆదివాసుల గురించి చట్టం చేస్తున్నప్పుడు బిడ్వెల్ రాసిన ముసాయిదాలో వాళ్లకు కొంత రక్షణ ఉంది. శాసనసభ దాన్ని పక్కనపెట్టి వేరే చట్టం చేసింది. ఆ చట్టం కింద పనిలేని ఆదివాసిని వేలం వేసి పనికి కుదర్చవచ్చు, పిల్లల్ని తెల్లవాళ్ల ఇళ్లలో కట్టుబానిసల్లా పెట్టుకోవచ్చు. 1863లో చుట్టుపక్కల హత్యలు జరిగి తెల్లవాళ్లు రెచ్చిపోయినప్పుడు, సైనికులు 461 మంది ఆదివాసుల్ని చికో నుంచి కొండల మీదుగా రౌండ్ వ్యాలీకి, అంటే ఆదివాసులకు కేటాయించిన చోటికి, నడిపించారు. చేరింది 277 మంది. వాళ్ల వారసులు ఇప్పటికీ ఏటా ఆ దారిన నడుస్తారు. బిడ్వెల్ రాంచిలోని వాళ్లు ఆ నడక తప్పించుకున్నారు, ఆయన అడ్డుపడటం వల్లే.

కాపాడాడన్నది నిజం. కాపాడవలసిన స్థితిలో వాళ్లు ఉండటానికి కారణమైన ఏర్పాటులో ఆయన పెద్ద లబ్ధిదారు అన్నదీ నిజం. మిస్సోరీలో తన నేల మీద ఇంకొకడు కూర్చున్నప్పుడు చట్టం తనవైపు లేదని ఆయనకు కడుపు మండింది. చికోలో చట్టం తనవైపు ఉంది. మెచూప్‌డాలకు తమ సొంత నేల మీద ఉండటం ఆయన దయగా మారింది. ఆనీ వాళ్లకు బడి పెట్టింది, ప్రార్థనలు చేయించింది, వాళ్ల పాత ఆచారాలు మాన్పించడానికి చూసింది. ఆమె పోయాక ఆ ఊరి నేల చేతులు మారింది. 1967లో ప్రభుత్వం ఆ తెగ గుర్తింపునే రద్దు చేసింది. పోరాడి 1992లో తిరిగి తెచ్చుకున్నారు. చికోలో ఎవరైనా బిడ్వెల్‌ను పొగుడుతుంటే నేను ఈ భాగం కూడా చెప్పమంటాను.

చైనా కూలీల విషయంలోనూ ఇలాంటి రెండు ముఖాలే. పళ్ల పనికి వాళ్లను పెట్టుకున్నందుకు ఆయనకు బెదిరింపులు వచ్చాయి. 1877 మార్చిలో చికో దగ్గర ఒక రాంచిలో చైనీయుల మీద దాడి చేసి నలుగురిని చంపారు. అంత టెన్షన్‌లోనూ ఆయన వాళ్లను పనిలోంచి తీసేయలేదు. అందులో న్యాయబుద్ధి ఉంది, పండు పాడవకుండా కోయగల చేతులు కావాలన్న అవసరమూ ఉంది.

అంత ఆస్తి ఉన్నా చివరి ఏళ్లలో అప్పులే. కొండల మీదుగా సూసన్‌విల్ వైపు వేసిన హంబోల్ట్ రోడ్డు, పెద్ద భవనం, దానధర్మాలు, గోధుమ ధర పడిపోవడం, అన్నీ కలిసి భూమిని తాకట్టులోకి నెట్టాయి. 1887లో టీచర్ల కాలేజీకి తన చెర్రీ తోటలోంచి 8 ఎకరాలు ఇచ్చాడు. అదే ఇప్పటి చికో స్టేట్ యూనివర్సిటీ. కాపులో ఉన్న తోట ఇచ్చాడు చూడండి, బీడు కాదు.

1900 ఏప్రిల్ 4న ఎనభై ఏళ్ల వయసులో వాగు దగ్గర కట్టెలు కోస్తూ గుండె ఆగి చనిపోయాడు. చేతిలో రంపం ఉంది. 1905లో ఆనీ వాగు గట్టు వెంబడి రెండు వేల ఎకరాలకు పైగా ఊరికి రాసిచ్చింది. అదే బిడ్వెల్ పార్క్. అందులో మద్యం అమ్మకూడదని దస్తావేజులోనే షరతు పెట్టింది.

మీరు ఈ వైపు వస్తే ఆయన భవనం చూద్దామనుకుంటారేమో, అది ఇప్పుడు లేదు. 2024 డిసెంబర్ 11 తెల్లవారుజామున ఎవరో నిప్పుపెట్టడంతో కాలిపోయింది. వాగు, పార్కు ఉన్నాయి. ఫిబ్రవరి రెండో వారంలో రండి, చికో చుట్టూ బాదం పూత మీద ఉంటుంది.